చక్రం మీది ఖాళీ

కారు పక్కన గొంతుక్కూర్చుని చూస్తే టైరుకీ మడ్‌గార్డు అంచుకీ మధ్య వంపు తిరిగిన ఖాళీ ఒకటి కనిపిస్తుంది. వేగంగా పోయే కార్లంటే ప్రాణం పెట్టే కుర్రాళ్లకి అది కంట్లో నలుసు. అందులో నాలుగు వేళ్లు దూరితే కారుకి పరువు తక్కువ, రెండే పడితే గొప్ప. కారుని కిందికి దించడమంటే పైకి కనిపించే అర్థం ఆ ఖాళీని మూసెయ్యడమే. నాకు మాత్రం ఆ ఖాళీ మీద గౌరవం ఎక్కువ. రోడ్లు వేసేవాళ్ల మీద ఒక ఊరి జనానికి ఎంత నమ్మకముందో తెలుసుకోవాలంటే సభలూ సర్వేలూ అక్కర్లేదు. వాళ్ల కార్లకి చక్రాల మీద ఎంత చోటు వదిలారో చూస్తే చాలు.

నన్ను ఈ ఆలోచనలోకి దింపింది మా మేనల్లుడు. పోచారం ఇన్ఫోసిస్‌లో ఉద్యోగం, అన్నోజిగూడ దగ్గర మా కాలనీలోనే కాపురం. అతని దగ్గర తెల్లరంగు ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ ఉంది. ఎవరో కొన్నాళ్లు వాడి అమ్మితే కొన్నాడు. 2013లో మన దేశంలోకి వచ్చిన కారు అది. 1.2 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజను, 105 హార్స్‌పవరు, ఏడు గేర్ల డీఎస్‌జీ. ఆ ధరలో అంత చురుకైన చిన్న కారు దొరకడం అప్పట్లో విశేషమే. 2022లో ఇక్కడ పోలో తయారీ ఆపేశారు. తయారీ ఆగిపోయిన కారుని అట్టిపెట్టుకున్నవాళ్ల మమకారం వేరుగా ఉంటుంది. షోరూముకి పోయి కొత్తది తెచ్చుకునే దారి లేదు కాబట్టి ఉన్నదాన్నే బాగుచేసుకుంటూ పోతారు. ఆ గుణం నాకు నచ్చుతుంది.

"మామా, జర బయటికి రా. ఈ గ్యాప్ చూడు. ఇది కారా, జీపా?" అన్నాడు ఒక ఆదివారం పొద్దున. నలభై మిల్లీమీటర్లు దించాల్సిందేనని పట్టు.

"దించుదాం అల్లుడా. ముందుగాల లెక్క చూద్దాం" అన్నాను. నాచారం పారిశ్రామికవాడలో లేతు మిషన్ల మధ్య ఉద్యోగకాలమంతా గడిపినవాణ్ణి. ఇనుము ముట్టుకునేముందు కాగితం ముట్టుకోవడం అక్కడ అబ్బిన అలవాటు.

మలుపు తిరిగేటప్పుడు కారు బరువు కొంత లోపలి చక్రాల మీంచి బయటి చక్రాల మీదికి జరుగుతుంది. ఎంత జరిగితే పట్టు అంత తగ్గుతుంది. మలుపు తోపు ఎంత, గరిమనాభి నేలకి ఎంత ఎత్తున ఉంది, ఎడమ కుడి చక్రాల మధ్య దూరమెంత అన్నవి తెలిస్తే ఈ లెక్క తేలిపోతుంది. గరిమనాభి 55 సెంటీమీటర్ల ఎత్తున, చక్రాల మధ్య దూరం 146 సెంటీమీటర్లు అనుకున్నాం. గురుత్వంలో సగం తోపుతో మలుపు తీసుకుంటే మొత్తం బరువులో దాదాపు 19 శాతం అటునుంచి ఇటు జరుగుతుంది. కారుని 25 మిల్లీమీటర్లు దించితే అది 18 శాతమవుతుంది. అంత శ్రమకీ ఖర్చుకీ దక్కేది ఒక్క శాతం లోపు. మావాడు పెన్ను తీసుకుని మళ్లీ వేశాడు. అంకె మారలేదు.

దించడంలో అంతకంటే లోతైన చిక్కు ఇంకోటుంది. చిన్న కార్లలో ముందు చక్రాలని మోసేది మెక్‌ఫర్సన్ స్ట్రట్. ఫోర్డ్ ఇంజనీరు ఎర్ల్ మెక్‌ఫర్సన్ ఆలోచన అది. 1950లో బ్రిటన్‌లో వచ్చిన ఫోర్డ్ కాన్సుల్ దాన్ని జనంలోకి తెచ్చింది. స్ప్రింగూ షాకబ్జరూ ఒకే నిలువు కడ్డీలో ఇమిడిపోతాయి, ఆ కడ్డీయే చక్రాన్ని నిలబెడుతుంది. చోటు కలిసొస్తుంది, ఖర్చూ కలిసొస్తుంది. కానీ కారుని దించినకొద్దీ కింది ఆర్మ్ చక్రం వైపు ఎగువకి వాలుతుంది. దాంతో కారు ఏ బిందువు చుట్టూ పక్కకి ఒరుగుతుందో ఆ రోల్ సెంటర్, గరిమనాభి కంటే ఎక్కువగా కిందికి జారిపోతుంది. ఆ రెంటి మధ్య దూరమే కారుని ఒరగదోసే మీట. అది పొడవవుతుంది. అంటే స్ప్రింగుని గట్టిపరచకుండా పొట్టి మాత్రమే చేస్తే, చూపులకి నేలకి అంటుకుపోయినట్టున్న కారు మలుపులో మునుపటికన్నా ఎక్కువ ఒరగొచ్చు.

రోడ్డు పక్క షెడ్డులో గ్యాస్ కట్టర్‌తో స్ప్రింగు చుట్టు కోయించుకునేవాళ్లున్నారు. చుట్టు తగ్గితే స్ప్రింగు కాస్త గట్టిపడేమాట నిజమే. కానీ మంట తగిలిన చోట ఉక్కు టెంపరు పోతుంది. కోసిన కొస తన గూట్లో కుదురుగా కూర్చోదు. చక్రం ఒక్కసారి గాల్లోకి లేచి దిగిందంటే స్ప్రింగు చోటు తప్పుతుంది. ఎవరైనా తెలిసినవాళ్లు ఆ పని చేయిస్తామంటే నేను చేతులు పట్టుకుని ఆపుతాను.

"అయితే గట్టి స్ప్రింగులే వేద్దాం" అన్నాడు మావాడు. వెయ్యొచ్చు, దానికీ హద్దుంది. మామూలు కారు తన స్ప్రింగుల మీద సెకనుకి ఒకటి, ఒకటిన్నర సార్లు ఊగేలా తయారవుతుంది. హుషారుగా నడపాలనుకునేవాళ్లు రెండు దాకా తీసుకెళ్తారు. పందెం కార్లలో అది మూడూ నాలుగూ దాటిపోతుంది. మనిషి ఒళ్లు నిలువు కుదుపుల్లో అన్నిటికన్నా తక్కువ ఓర్చుకునేది సెకనుకి నాలుగు నుంచి ఎనిమిది సార్లు వచ్చేవాటిని. కుదుపుల మీది అంతర్జాతీయ ప్రమాణాలు కూడా ఆ ఒంటి లక్షణాన్ని లెక్కలోకి తీసుకునే తయారయ్యాయి. స్ప్రింగుని గట్టి చేసుకుంటూ పోవడమంటే ఆ ఇబ్బంది వైపు నడవడమే. ఆ కారు వెనక సీట్లో కూర్చునేది మా అక్క. ఆమె నడుం ఆపరేషను దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. ఆ మాట గుర్తుచేశాక నలభై మిల్లీమీటర్ల ప్రస్తావన మళ్లీ రాలేదు.

ఉద్యోగం రోజుల్లో ఉప్పల్ రోడ్డు మీద ఎన్‌జీఆర్‌ఐ ప్రహరీ పక్కనుంచే నా రాకపోకలు. 1961లో నెలకొల్పిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ అది. 1967 డిసెంబరులో కొయినా భూకంపం వచ్చాక అక్కడి భూప్రకంపనల మీద దశాబ్దాలుగా పనిచేసిన చోటు. ఆ ప్రహరీ లోపల భూమి కదలికని కొలిచే సాధనాలకీ, బయట గతుకుల్లో పడుతూ లేస్తూ పోయే బండ్లకీ మూలసూత్రం ఒక్కటేనన్నది నన్ను ఎప్పుడూ ఉత్సాహపరిచే సంగతి. ఒక బరువు, దాన్ని మోసే స్ప్రింగు, ఊగులాటని అణిచే డ్యాంపరు. నేల కదులుతుంది, బరువు ఉన్నచోటే ఉండాలని చూస్తుంది, రెంటి మధ్య ఎడం మారుతుంది. సాధనం నమోదు చేసేది ఆ మార్పునే. డ్యాంపరు లేకపోతే బరువు ఒకసారి కదిలాక తన ఊగులో తాను పడిపోతుంది. అప్పుడు కాగితం మీద గీసుకునేది భూమి సంగతి కాదు, స్ప్రింగు సంగతి.

షాక్‌లు అరిగిన కారు స్థితి కూడా అదే. గుంత దాటి చాలా దూరం పోయినా దాని ఊగు దానిదే. ఈలోగా రెండో గుంత వస్తే దాన్ని అందుకునే స్థితిలో చక్రం ఉండదు, కొన్నిసార్లు నేల మీదే ఉండదు. చక్రం మీద ఆ ఖాళీ ఎందుకుందో ఇక్కడ తెలుస్తుంది. నేల లేచినప్పుడు చక్రం పైకి రావడానికి, పడినప్పుడు కిందికి పోవడానికి, మధ్యలో మనుషులు స్థిమితంగా ఉండటానికి వదిలిన చోటు అది. దాన్ని తగ్గించామంటే రోడ్డుకి మనం ఇచ్చే వెసులుబాటు తగ్గించామన్నమాట. అది అయిపోయిన క్షణాన రబ్బరు బంప్‌స్టాపు తగులుతుంది. ఆ తర్వాత స్ప్రింగూ లేదు, డ్యాంపరూ లేదు, రోడ్డు నేరుగా వెన్నులోకి వస్తుంది.

అందుకే ముందు డ్యాంపర్లు, ఆ తర్వాతే ఎత్తు అని తేల్చుకున్నాం. మంచి డ్యాంపరు లోపల పని చూస్తే చెయ్యెత్తి మొక్కాలనిపిస్తుంది. పిస్టను మీద పల్చటి ఉక్కు బిళ్లల దొంతర, వాటిని వంచుకుంటూ నూనె సన్నని దారుల్లోంచి దూరాలి. చక్రం పైకి లేచేటప్పుడు ఒక తీరు, కిందికి దిగేటప్పుడు ఇంకో తీరు అడ్డుకోవాలి. దిగేటప్పుడు అడ్డు ఎక్కువ ఉంటుంది, అదుపులో పెట్టాల్సింది స్ప్రింగు దాచుకున్న శక్తిని కాబట్టి. ఒకే గొట్టంలో నూనెకీ ఒత్తిడితో నింపిన గ్యాసుకీ మధ్య తేలే పిస్టను పెట్టే పద్ధతి ఫ్రెంచి ఇంజనీరు ద కార్బోన్‌ది. బిల్‌స్టైన్ దాన్ని 1957లో మెర్సిడెస్ కార్ల కోసం పెద్దఎత్తున తయారుచేసింది. వరసగా గతుకులు తగిలినా నూనె నురగెత్తదు, మొదటి గతుకుకి చూపిన పట్టే పదో గతుకుకీ చూపిస్తుంది. మన దారులకి కావలసింది అదే కదా. పొట్టి స్ప్రింగుకి తగ్గ పొట్టి ఒళ్లు డ్యాంపర్లు తెప్పించి, స్ప్రింగులు ఇరవై మిల్లీమీటర్లు మాత్రమే దించేవి ఎంచుకున్నాం.

బిగింపు పని మా అపార్టుమెంటు స్టిల్టు పార్కింగులో పెట్టుకున్నాం. వెనకవైపు తేలిక, పోలోలో అక్కడ స్ప్రింగు వేరు, షాక్ వేరు. ముందువైపు అలా కాదు. స్ట్రట్‌ని పట్టుకున్న నకుల్‌లో ఒక చీలిక ఉంటుంది. బోల్టు తీశాక ఆ చీలికని సన్నని పనిముట్టుతో కొంచెం తెరిచి నకుల్‌ని కిందికి దింపాలి. సుత్తితో బాదేవాళ్లు అక్కడ బేరింగుని పాడుచేసుకుంటారు. స్ట్రట్ బయటికి వచ్చాక అసలు భయం మొదలు. స్ప్రింగుని కంప్రెసరుతో నొక్కిపట్టి పైనట్టు విప్పాలి. మిల్లీమీటరుకి 20 న్యూటన్ల స్ప్రింగుని 150 మిల్లీమీటర్లు నొక్కితే అందులో 225 జౌళ్ల శక్తి కూడుతుంది. పది కిలోల బియ్యం మూట రెండు మీటర్లకి పైనుంచి మీద పడ్డంత. రెండు కొక్కేలూ ఎదురెదురుగా, సమానంగా, కొంచెం కొంచెం బిగించాలి. మొహం ఎప్పుడూ స్ప్రింగు కొసకి ఎదురుగా ఉండకూడదు. మావాడికి ఇది పదేపదే చెప్పాను, విసుక్కున్నా చెప్పాను. కారు జాకీ మీద ఉండగా కిందికి ఎవరూ దూరకూడదు. స్టాండ్లు పెట్టి, ఊపి చూసి, అప్పుడే.

చాలామంది వదిలేసేది బుష్షుల బిగింపు. ఆర్మ్‌ల చివర, షాక్ కింది కన్నులో ఉండే రబ్బరు బుష్షు మెలి తిరుగుతూ పనిచేస్తుంది. చక్రం గాల్లో వేలాడుతుండగా ఆ బోల్టు బిగిస్తే, కారు నేల మీదికి దిగగానే రబ్బరు శాశ్వతంగా మెలిపడి ఉండిపోతుంది. కొద్ది నెలల్లో చిరుగుతుంది. అందుకని చక్రాల మీద బరువు పడ్డాకే చివరి బిగింపు, అదీ టార్కు పానాతో. ఎత్తు మారితే చక్రాల వాలు, ముందరి కొసల దూరం కూడా మారతాయి కాబట్టి అక్కణ్ణుంచి నేరుగా ఎలైన్‌మెంటుకి. కంప్యూటరు ముందు నిలబడి ఎర్ర అంకెలు ఒక్కోటీ ఆకుపచ్చకి తిరగడం చూస్తుంటే మావాడి మొహం వెలిగిపోయింది. తన కారు తనకి అప్పుడే మొదటిసారి పరిచయమైనట్టుంది. అప్పటిదాకా అతనికి తెలిసింది స్టీరింగు, పెడలు, స్క్రీను. ఇప్పుడు ఏ చప్పుడు ఏ కీలులోంచి వస్తుందో చెప్పగలడు. ఇంటి దగ్గర చేసుకునే పనికి నేను ఇచ్చే విలువ అది, మిగిలే డబ్బు కాదు.

చట్టం సంగతి కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను, ఆర్‌సీలో రాసిన వివరాలకీ తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదంటుంది. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా నిలబెట్టింది. ఆ ఏడాది సవరణలో వచ్చిన 182ఏ సెక్షను ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. నేను దీన్ని తప్పుపట్టను. రోడ్డు మీద మన కారు పక్కన స్కూలు ఆటో పోతుంటుంది. పని మొదలుపెట్టేముందే ఆర్టీఏ ఆఫీసులో అడిగి, ఇన్సూరెన్సువాళ్లకి రాతపూర్వకంగా తెలిపి రమ్మని మావాణ్ణి పంపాను. పాత స్ప్రింగులూ షాక్‌లూ గుడ్డలో చుట్టి అటక మీద పెట్టించాను. అవసరమైతే తిరిగి ఎక్కించడం మా చేతిలో పనే.

ఇక రోడ్డు. ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఎక్కితే ఈ కారు ఇప్పుడు ఎలా పోతుందో మాటల్లో పెట్టడం కష్టం. 158 కిలోమీటర్ల ఆ వలయంలో 120 దాకా వేగానికి అనుమతి ఉంది. ఆ వేగంలో లేన్ మారితే కారు ఒక్కసారి కదిలి అక్కడే కుదురుకుంటుంది, రెండో ఊపు లేదు. దిగి ఉప్పల్ వైపు తిరిగామంటే కథ మారిపోతుంది. నారపల్లి నుంచి ఉప్పల్ దాకా ఎలివేటెడ్ కారిడార్ పని 2018లో మొదలై ఏళ్లకేళ్లు సాగింది. ఆరు కిలోమీటర్ల పైచిలుకు దూరంలో స్తంభాల పక్కన కింది రోడ్డు పడ్డ పాట్లు బోడుప్పల్, పీర్జాదిగూడ, మేడిపల్లి జనం అందరికీ తెలుసు. వానాకాలంలో బైకు మీద పిల్లల్ని కూర్చోబెట్టుకుని నీళ్లు నిండిన గుంత ఎంత లోతో తెలియక ఆగిపోయిన తల్లిదండ్రుల్ని నేను చూశాను. వాళ్ల బండికి ఎత్తు పెంచుకునే వీలు కూడా లేదు.

స్పీడ్ బ్రేకర్ల దగ్గర నాకు కోపం వస్తుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఎప్పుడో 1988లోనే కొలతలు ఇచ్చింది: 17 మీటర్ల వ్యాసార్ధపు వంపు, 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. 25 కిలోమీటర్ల వేగంతో దాటడానికి. పోలో ముందు వెనక చక్రాల మధ్య దూరం దాదాపు రెండున్నర మీటర్లు. ఆ వంపు మీద కారు నిలబడితే రెండు చక్రాల మధ్య వంపు పైకి లేచేది నాలుగున్నర సెంటీమీటర్లే. కారు పొట్ట కింద పదహారు సెంటీమీటర్ల పైచిలుకు ఖాళీ. ఇరవై మిల్లీమీటర్లు దించినా, నలుగురు ఎక్కినా, డిక్కీ నిండినా తగిలే ప్రశ్నే లేదు. మావాడు మొదట అడిగిన నలభై దించినా తగలదు! మన వీధుల్లో కట్టేది రెండడుగుల వెడల్పు గట్టు. అది పూర్తిగా రెండు చక్రాల మధ్య ఇమిడిపోతుంది, దాని ఎత్తంతా పొట్టకి తగులుతుంది. అంబులెన్సులో పడుకున్న మనిషికీ, ఆటోలో కూర్చున్న గర్భిణికీ తగిలేది కూడా అదే.

కారు ఎత్తు కారు కొలత కాదని నేననేది ఇందుకు. అది రోడ్డు కొలత. రోడ్డు మాట నిలబెట్టుకోదని అనుభవం చెప్పినకొద్దీ మనం ఎత్తు కొనుక్కుంటూ పోతున్నాం. ఈ మధ్య దేశంలో అమ్ముడవుతున్న కార్లలో సగానికి పైగా ఎస్‌యూవీల తరహావే. ప్రకటనల్లో ముందుగా చెప్పేది గ్రౌండ్ క్లియరెన్సు. ఎత్తైన కారులో కూర్చున్నవాడికి గుంత తెలియదు, తెలియనివాడు అడగడు, అడిగేవాళ్లు తగ్గిపోతే గుంత అక్కడే ఉంటుంది. నేలకి దగ్గరగా పోయేవాళ్లు, బైకులవాళ్లు, సైకిళ్లవాళ్లు, చక్రాల కుర్చీల్లో ఉన్నవాళ్లు దాన్ని మోస్తారు. ఇదే నగరంలో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం జరిగింది. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. నేలని రాసుకుంటూ పోయే ఆ కార్లు సచివాలయం పక్క వీధుల్లో పరుగెత్తగలిగాయంటే, చదునైన రోడ్డు మనకి చేతకాని విద్య కాదన్నమాట.

మా కాలనీ గేటు లోపలి బ్రేకరు ఎత్తు పద్నాలుగు సెంటీమీటర్లు. దించిన కారు నలుగురితో దాని మీదికి వెళ్లినప్పుడు కింద గీరుకున్న చప్పుడు మా అక్కే ముందు విన్నది. కారుని మళ్లీ పైకి లేపుదామా అని మావాడు అడగలేదు. టేపు పట్టుకుని గట్టు దగ్గరికి నడిచాడు. అసోసియేషన్ సమావేశంలో ఇద్దరం కలిసి ఆ లెక్క చూపించాం. గేటు లోపలి రోడ్డు కాలనీదే కాబట్టి పగలగొట్టి మళ్లీ వెయ్యడానికి ఒప్పుకున్నారు. మేస్త్రీకి కొలతలు చెక్క మీద రాసిచ్చాను: నడిమధ్యన 10 సెంటీమీటర్లు, అక్కణ్ణుంచి అర మీటరు దూరంలో 9.3, మీటరు దగ్గర 7.1, మీటరున్నర దగ్గర 3.4, 185 సెంటీమీటర్ల దగ్గర నేల మట్టం. రెండు వైపులా అంతే. తెల్ల చారలు, ముందుగా హెచ్చరించే బోర్డు అసోసియేషన్ ఖర్చు. గేటు బయట మెయిన్ రోడ్డుకి పోయే దారిలో ఉన్న బ్రేకర్లు మా చేతిలో లేవు. వాటికి అర్జీ మావాడు రాశాడు, వంపు బొమ్మా కొలతలూ జతపరిచి. వీధిలో ప్రతి ఇంటికీ తిరిగి సంతకాలు తీసుకుంటున్నాడు. మొదటి సంతకం మా అక్కది.